కనిగిరి వైపు ట్యాంకర్లు, లాస్ట్-డిచ్ అనే మాట

మే నెల, గురువారం.

ఎండ మామూలే. మధ్యాహ్నం పొదిలి రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్లు కనిగిరి వైపు పోతున్నాయి, బత్తాయి తోటలకు. ఇంగ్లీషులో లాస్ట్-డిచ్ అనే విశేషణం ఎక్కడ వాడాలో పిల్లలకు చెప్పాలంటే ఈ ట్యాంకర్లను చూపిస్తే చాలు.

రైతు ముందు డ్రిప్పు వేస్తాడు, పాదుల్లో చెత్త పరుస్తాడు. నీళ్లు తగ్గితే మోటారు ఇంకా కిందికి దించుతాడు, బోరు ఫ్లషింగ్ చేయిస్తాడు, అప్పు తెచ్చి కొత్త బోరు వేయిస్తాడు. అదీ ఎండితే ట్యాంకరు. 5,000 లీటర్ల ట్యాంకరు నీళ్లు చెట్టుకు 50 లీటర్ల చొప్పున 100 చెట్లకు సరి, అంటే దాదాపు ఎకరాకు ఒక తడి. ఈ ఎండకు ఆ తడి ఎన్నాళ్లో నిలవదు. కాపు మీద ఆశ అప్పటికే వదులుకున్నాడు, చెట్టు బతికితే చాలు. అదీ లాస్ట్-డిచ్ ఎఫర్ట్. మిగతా దారులన్నీ మూసుకుపోయి ఉండాలి, పోయేది పెద్దదై ఉండాలి, ఫలిస్తుందన్న నమ్మకం తక్కువై ఉండాలి. మూడూ ఉంటేనే ఈ మాట నప్పుతుంది.

పరీక్ష ఫీజు ఆఖరి రోజున కట్టడం లాస్ట్-మినిట్. అక్కడ ఆలస్యమే తప్ప తెగింపు లేదు. ఆట ముగిసే క్షణంలో కొట్టిన గోలు లాస్ట్-గ్యాస్ప్. బంతి గోల్‌లోకి పోబోతుంటే డిఫెండరు ఒళ్లు లెక్కచేయకుండా అడ్డంపడితే అది లాస్ట్-డిచ్ ట్యాకిల్, ఆట మొదట్లో జరిగినా సరే.

‘వాడు నన్ను డిచ్ చేశాడు’ అన్న మాట నోట నానిపోయింది గనుక పిల్లలు దీనికి ‘ఆఖరి మోసం’ అని అర్థం రాస్తుంటారు. ఇక్కడ డిచ్ అంటే కందకం. 1672లో ఫ్రాన్సు, ఇంగ్లండు కలిసి డచ్చివాళ్ల మీద పడ్డాయి. దేశం చేజారిపోయింది, కనిపించడం లేదా అని ఇంగ్లండు దూత అడిగితే, అది చూడకుండా ఉండే మార్గం ఒకటుంది, ఆఖరి కందకంలో చనిపోవడం అని డచ్చివాళ్ల నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్ జవాబిచ్చినట్టు బిషప్ గిల్బర్ట్ బర్నెట్ రాశాడు. ఆ ఏడాదే డచ్చివాళ్లు తమ పొలాలను తామే నీట ముంచి ఫ్రెంచి సైన్యాన్ని నిలువరించారు. కాబట్టి లాస్ట్-డిచ్ అన్నంత మాత్రాన ఓటమి ఖాయమని కాదు.

వాడుకలో ఇది నామవాచకానికి ముందే వస్తుంది: లాస్ట్-డిచ్ అటెంప్ట్, లాస్ట్-డిచ్ బిడ్, లాస్ట్-డిచ్ టాక్స్. ‘ద ఎఫర్ట్ వాజ్ లాస్ట్-డిచ్’ అంటే చెవికి ఎబ్బెట్టు. ముందు ‘వెరీ’ చేర్చకూడదు. మధ్యలో హైఫన్ తప్పనిసరి. వెనక ‘టు’ తగిలించి ఎందుకోసమో చెప్తే వాక్యం నిండుతుంది: ‘ఎ లాస్ట్-డిచ్ ఎఫర్ట్ టు సేవ్ ద ట్రీస్’. తెలుగులో దీన్ని ‘చివరి ప్రయత్నం’ అంటే పస తగ్గుతుంది. ‘చెట్లను దక్కించుకోవడానికి తెగించి చేస్తున్న ఆఖరి ప్రయత్నం’ అనాలి.