ఎనిమిదవ ఆజ్ఞ

ఆదివారం ఆరాధన అయ్యాక, మా పై వాటా ఒక ముస్లిం కుటుంబానికి అద్దెకు ఇస్తున్నానని చెప్పాను. "సాయిబులకా? జాగ్రత్త తమ్ముడూ" అంటూ సంఘంలోని ఒక పెద్దాయన ఫోనులో ఏదో వీడియో చూపించారు. ఎక్కడిదో, ఎప్పటిదో ఆయనకూ తెలియదు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వే రెండు రోజులుగా గుచ్చుతోంది.

పెళ్లైన కొత్తలో ఇంటి కోసం బ్రాడీపేట అడ్డరోడ్లన్నీ తిరిగాం. మా పేర్లు వినగానే "ఖాళీ లేదండీ" అనేవారు. గేటుకు టులెట్ బోర్డు వేలాడుతూనే ఉండేది. చివరికి తాళాలు చేతిలో పెట్టింది పాత గుంటూరులో ఒక ముస్లిం పెద్దావిడ. అడ్వాన్సు కూడా రెండు విడతల్లో తీసుకున్నారు.

1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చారు. అప్పటి నుంచీ మా లూథరన్ ఇళ్లలో పది ఆజ్ఞలు కంఠస్థమే. ఎనిమిదవది, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదని. (బాప్టిస్టుల లెక్కలో తొమ్మిదవది, అది వేరే తగువు.) నిజమో కాదో తెలియని వీడియోను పదిమందికి పంపడం ఏ సాక్ష్యం?

నిన్న పెద్దాయన ఇంటికి వెళ్లి ఇదే అడిగాను. కాఫీ ఇచ్చారు, గట్టిగా వాదించారు. కొత్తవాళ్లు శనివారం దిగుతున్నారు. ఆ రోజు భోజనానికి ఆయననూ పిలిచాను. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.