ఎన్ని అండాలను ఫలదీకరించాలి? ఐవీఎఫ్‌కు ముందు మేం తేల్చుకున్న లెక్క

క్రైస్తవ విశ్వాసులం కదా, అండాన్ని వీర్యంతో ల్యాబులో కలిపి పిండం చేసే ఐవీఎఫ్ చేయించుకోవచ్చా అన్న ప్రశ్నతో మొదలుపెట్టాం. సంఘాలన్నీ దీనికి ఒకే జవాబు చెప్పవు. కాథలిక్ సంఘం 1987 నాటి 'డోనుమ్ విటే' అనే వాటికన్ పత్రంలో దీన్ని పూర్తిగా కాదంది. బిడ్డ భార్యాభర్తల కలయికలోంచే రావాలి, ఆ స్థానంలోకి ల్యాబు రాకూడదన్నది వారి వాదన. 2008లో వచ్చిన 'డిగ్నిటాస్ పెర్సొనే' అనే మరో పత్రం అదే మాట మీద నిలబడింది. ప్రొటెస్టంట్లలో చాలామంది దంపతుల సొంత అండం, సొంత వీర్యం అయితే ఒప్పుకుంటారు, పిండాలు మిగిలిపోవడం దగ్గరే వారికి అభ్యంతరం. మాదీ ఆ దారే. అక్కడికి వచ్చాక ప్రశ్న ఒక అంకెకు దిగింది: ఎన్ని అండాలను ఫలదీకరించాలి?

ఆ అంకె మనం చెప్పకపోతే ల్యాబు చెబుతుంది. మామూలుగా 8 నుంచి 14 రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. అండాలను చివరిగా పక్వం చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ వేసిన 34–36 గంటలకు అండాలు తీసి, పక్వమైన ప్రతిదాన్నీ ఫలదీకరిస్తారు. దారిలో రాలిపోయేవి ఎక్కువ కాబట్టి అలా చేస్తారు. పది అండాలు దొరికితే సుమారు ఎనిమిది పక్వంగా ఉంటాయి, ఐదారు ఫలదీకరణ చెందుతాయి, ఐదో రోజుకు బ్లాస్టోసిస్టు దశ (గర్భంలోకి పంపడానికి సిద్ధమైన పిండం) చేరేవి రెండో మూడో. కానీ ఒక్కోసారి ఐదూ నిలుస్తాయి. ఒకటి గర్భంలోకి వెళ్తుంది, నాలుగు మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోకి వెళ్తాయి. ఒక బిడ్డతో చాలనుకున్న రోజున ఆ నాలుగింటినీ ఏం చేస్తారు? పారేయాలా, పరిశోధనకివ్వాలా, వేరే దంపతులకివ్వాలా, ఏటా రుసుము కడుతూ ఉంచాలా అని కన్సెంట్ ఫారంలో గడులుంటాయి. ఇంజెక్షన్లు మొదలుకాకముందే వాటిని నింపాలి. తొందరలో చదవకుండా సంతకం పెట్టేసేది సరిగ్గా ఆ పేజీలోనే.

సైన్సు ఇక్కడ చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. వీర్యకణం కలిసిన 16–18 గంటలకు సూక్ష్మదర్శిని కింద అండంలో రెండు ప్రోన్యూక్లియస్‌లు, అంటే జన్యు పదార్థం ఉన్న కేంద్రకాలు, పక్కపక్కనే కనిపిస్తాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మూడో రోజుకు దాదాపు ఎనిమిది కణాలు. ఐదో రోజుకు లోపల నీరు చేరిన బంతిలా ఉంటుంది: బయటి పొర మాయ అవుతుంది, లోపలి కణాల ముద్ద బిడ్డ అవుతుంది. సుమారు 14వ రోజుకు ప్రిమిటివ్ స్ట్రీక్ అనే గీత ఏర్పడుతుంది, ఆలోపు పిండం రెండుగా చీలి కవలలు కావచ్చు. 1984లో బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ పిండాలపై పరిశోధనకు 14 రోజుల హద్దు సూచించింది, 1990లో అది అక్కడ చట్టమైంది. చీలగలిగినంత కాలం అది ఇంకా ఒక వ్యక్తి కాదనే క్రైస్తవ ఆలోచనాపరులూ ఉన్నారు. మాకు ఆ వాదన సరిపోలేదు. ఒకటి రెండు కాగలదంటే అంతకుముందు ఆ ఒకటి లేదని కాదు కదా. "నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను" అన్న 139వ కీర్తన వచనం మమ్మల్ని పట్టి ఉంచింది. అయినా అది స్తుతి గీతం, దాంతో గంటలు లెక్కకట్టడం వాక్యానికి న్యాయం కాదు. పొద వెనక కదిలేది మనిషేమో అన్న అనుమానం ఉన్నా బాణం వేయం. మేం ఆగింది ఆ ఆలోచన దగ్గర.

కాబట్టి ఫారంలో ఇలా రాయించాం: ఫలదీకరణకు మూడు అండాలే, మిగతావి అండాలుగానే ఫ్రీజ్ చేయాలి. అండం పిండం కాదు కాబట్టి దాన్ని దాచినా, తర్వాత వదులుకున్నా మనస్సాక్షికి భారం లేదు. దీనికీ ఖర్చుంది. ఫ్రీజ్ చేసే ముందు అండం చుట్టూ ఉన్న కణాలు తీసేస్తారు, పైపొర గట్టిపడుతుంది, అందుకే తర్వాత ఇక్సీ, అంటే ఒక్క వీర్యకణాన్ని సన్నటి సూదితో అండంలోకి పంపడం, చేయాల్సిందే. కరిగించినప్పుడు కొన్ని బతకవు. మూడింటిలో ఒక్కటీ ఫలదీకరించకపోయే అవకాశం కూడా ఉంది. దానికి ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

పిండాలకు జన్యు పరీక్ష వద్దన్నాం. అందులో బయటి పొర నుంచి ఐదు నుంచి పది కణాలు తీస్తారు. ఆ కణాల్లో కొన్ని మామూలుగా, కొన్ని తేడాగా ఉంటే 'మొజాయిక్' అంటారు. అలాంటి పిండాలు ఆరోగ్యంగా పుట్టిన సందర్భాలున్నాయి. నాసిరకం గ్రేడ్ అని ఏ పిండాన్నీ పారేయవద్దని, 24 గంటలపాటు కణవిభజన అస్సలు లేకుంటేనే ఆగిపోయినట్టు లెక్కించాలని రాశాం. గర్భంలోకి పిండం బదిలీ ఒక్కోసారి ఒక్కటే, ఎందుకంటే కవల గర్భంలో నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు ఎక్కువ.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు నోటిమాటను నమ్మడం. డాక్టరు గారు సరేనన్నది ల్యాబుకు చేరకపోవచ్చు. అండాలు తీసిన రోజు ల్యాబులో ఫలదీకరణ చేసే నిపుణుడు, ఎంబ్రియాలజిస్టు, చూసేది ఫారం ఒక్కటే. అంకెను అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, ఇద్దరూ పక్కనే సంతకం పెట్టండి. 'పన్నెండు అండాలొచ్చాయి, అన్నీ చేసేయమంటారా?' అని ఆ రోజు మళ్లీ అడుగుతారు. మత్తు వదలని ఆ గంటలో కొత్త నిర్ణయాలొద్దు. పాస్టర్ గారి దగ్గరికి వెళ్లినా ఐవీఎఫ్ తప్పా ఒప్పా అని కాకుండా ఆ ఫారమే చేతిలో పెట్టి అడగండి, మాట సూటిగా సాగుతుంది.

రెండో పిండం నిలిస్తే అన్న గడి చివరిది. మొదటి బిడ్డ పుట్టినా సరే, నిల్వ గడువు లోపల దాన్నీ గర్భంలోకే బదిలీ చేయాలని రాశాం. గడువు తేదీ కింద గీత గీయించాం.