పంపు కాదు, గాలి
రాత్రి ఆపిన లారీ పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోదు. అందుకుంటే ఇక సాయంత్రం దాకా బాగానే తిరుగుతుంది. అనంతపురం మార్కెట్లో చీనీకాయల లోడు ఎక్కించుకుని ఇలా నిలబడితే ఎంత టెన్షనో లారీ ఉన్నవాళ్లకే తెలుసు. చూసినవాళ్లంతా ఇంజనుకు డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు విప్పమన్నారు. మా మేస్త్రీ మాత్రం "ఆగన్నా, పంపు దాకా డీజిల్ వస్తోందో లేదో ముందు చూద్దాం" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది.

డీజిల్ లైన్ మీదుండే హ్యాండ్ పంపు కొట్టి లైన్లో చేరిన గాలి తీస్తే వెంటనే స్టార్ట్ అయింది. అంటే రాత్రి లైన్లో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. ఫిల్టర్ దాటాక గేజ్ పెడితే డీజిల్ ప్రెజర్ ఒక బార్ కూడా రాలేదు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు ముందు ట్రాన్స్‌పరెంట్ పైపు తగిలిస్తే బుడగలే బుడగలు! ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య లీకుంటే డీజిల్ బయటికి కారదు, చిల్లుపడ్డ స్ట్రాతో తాగినట్టు గాలి లోపలికి లాగుతుంది. అందుకే బండి కింద ఎంత వెతికినా తడి కనపడలేదు.

చివరికి దొరికింది ఎండకు పగిలిన రబ్బరు పైపు, నలిగిన రాగి వాషర్. రెండూ మార్చాక ఒకటిన్నర బార్ దగ్గర ముల్లు కదలకుండా నిలబడింది. విప్పిన వాషర్ మళ్లీ వాడొద్దని మేస్త్రీ కొత్తవి కొన్ని టూల్ బాక్సులో వేసిచ్చాడు.