ఎక్స్‌రేలో దొరకని నొప్పి

2024 మార్చి 8, శివరాత్రి. వేములవాడ స్పెషల్ బస్సుల్లో కండక్టర్ డ్యూటీ. కరీంనగర్ నుంచి మూడో ట్రిప్పో నాలుగో ట్రిప్పో. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న పిల్లలను పైకి ఎక్కించి వెనక్కి తిరిగాను. ఒళ్లు తిరిగింది గానీ కాలు తిరగలేదు. కుడి మోకాలి లోపలి వైపు ఏదో చిటుక్కుమంది. అంత గోలలో కూడా ఆ చప్పుడు నాకు వినబడింది. టికెట్లు కొట్టడం మాత్రం ఆపలేదు. రాత్రి డిపోలో డబ్బు లెక్క అప్పజెప్పి మెట్లు దిగబోతే కాలు మడత పడలేదు. చూస్తే మోకాలి చిప్ప ఎక్కడుందో తెలియనంత వాపు.

మా అత్తమ్మ వైద్యం ఆ రాత్రే మొదలైంది. వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం పెడితే హాయిగానే ఉండేది. జిల్లేడాకుకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చజేసి కట్టడమే కొంప ముంచింది. పాలు తగిలిన చోటల్లా చర్మం కమిలి నొప్పికి మంట తోడైంది. ఆమె తప్పేమీ లేదు, నామీద ప్రేమతోనే చేసింది. తగ్గితే కోడెను కడతానని వేములవాడ రాజన్నకు మొక్కింది కూడా.

వారం తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఎక్స్‌రే తీశారు. ‘ఎముకలు బాగున్నాయి, 46 ఏళ్లు వచ్చాయి, 74 కిలోలున్నారు, బరువు తగ్గండి’ అన్నారు. నొప్పి మాత్ర, దానికి తోడు గ్యాస్ మాత్ర. రక్త పరీక్షల్లో యూరిక్ యాసిడ్ మామూలే, కీళ్లవాతం కోసం చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ లేదు. విటమిన్ డి మాత్రం బాగా తక్కువ. రోజంతా బయట తిరిగే మనిషికి ఎండ తక్కువేమిటని మా ఆయన నవ్వాడు. కండక్టర్ ఉద్యోగం నీడలో చెమట కార్చే ఉద్యోగమని ఆయనకేం తెలుసు!

అన్నీ మామూలే అంటే సంతోషపడాలి కదా. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి విరిగినవాళ్లకు పిండికట్టు ఉంటుంది, చూసినవాళ్లెవరూ మారు ప్రశ్న వేయరు. నా మోకాలు సాయంత్రం ఉబ్బుతుంది, పొద్దున్నే మామూలుగా ఉంటుంది. సెలవు అడగడానికి వెళ్లేది పొద్దున్నే. ‘ఎక్స్‌రేలో ఏం లేదటగా’ అన్న మాట డిపోలో నాకంటే ముందే తిరుగుతుండేది. కొన్నాళ్లకు నాకే అనుమానం పట్టుకుంది, ఇది నిజంగా నొప్పేనా, నేనే పెద్దది చేసుకుంటున్నానా అని. రాత్రి పక్కకు తిరిగి పడుకుంటే ఒక మోకాలి బరువు ఇంకోదాని మీద పడి మెలకువ వచ్చేది. అప్పుడు అనుమానం పోయేది. మధ్యలో దిండు పెట్టుకుని పడుకోవడం అలవాటైంది.

2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సు ఎప్పుడూ కిటకిటే. జీరో టికెట్ అయినా మిషన్‌లో కొట్టి చేతికి ఇవ్వాల్సిందే. అంటే ముందు తలుపు నుంచి వెనక సీటు దాకా ఆ జనంలో నుంచే ప్రతి స్టేజీకీ తిరగాలి. మలుపులో బస్సు ఒరిగినప్పుడు అందరూ ఒళ్లు తిప్పుకుంటారు. నేను రాడ్డు పట్టుకుని ఎడమ కాలి మీద ఆగేదాన్ని.

ఎమ్మారై స్కానుకి చీటీ రాయడానికి ఇంకో డాక్టర్, ఆయన కోసం ఇంకో నెల. చివరికి ఆగస్టులో తీశారు. ఎక్స్‌రేలో కనబడేది ప్రధానంగా ఎముకే, మోకాలి లోపలి మెత్తటి భాగాలు ఎమ్మారైలోనే తెలుస్తాయని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఈ ముక్క మార్చిలో ఎవరైనా చెప్పి ఉంటే! అరగంట కదలకుండా పడుకోబెట్టారు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టినా టకటకమని ఒకటే మోత. డొక్కు బస్సు ఇంజను పక్కన ఇన్నేళ్లు గడిపినదాన్ని, నాకు కునుకు పట్టింది.

రిపోర్టు రాత్రి మా అబ్బాయి చదివాడు. మీడియల్ మెనిస్కస్, పోస్టీరియర్ హార్న్, గ్రేడ్ 3 టియర్. ‘అమ్మా, నీ మోకాలికి వెనక హార్న్ ఉందట, అది చిరిగిందట’ అన్నాడు. ఎన్ని నెలల తర్వాత నవ్వానో. నవ్వుతూనే ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను. డిపోలో ఎవరూ అడగలేదు గానీ నేనే ఇద్దరు ముగ్గురికి చూపించాను.

మెనిస్కస్ అంటే తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య నెలవంకలా ఉండే మెత్తటి దిండులాంటిదట. బయటి అంచుకే రక్తం బాగా అందుతుందట, లోపలి భాగం చిరిగితే దానంతటది అతుక్కోవడం కష్టమట. ‘ఆపరేషన్ ఇప్పుడే వద్దు, మూడు నెలలు ఫిజియోథెరపీ చేయండి’ అన్నారు డాక్టర్. ‘అయితే నా నొప్పి ఈ చిరుగుదేనా సార్?’ అని అడిగాను. ‘కావచ్చు. ఈ వయసులో నొప్పి లేనివాళ్లకు ఎమ్మారై తీసినా చాలామందిలో ఇలాంటివి కనబడతాయి’ అన్నారు. అయిదు నెలలు ఎదురుచూసిన జవాబు ‘కావచ్చు’. మొదట కోపం వచ్చింది. తెలియనిది తెలిసినట్టు చెప్పలేదు కదా అని తర్వాత ఆయన మీద నమ్మకమూ కలిగింది.

ఫిజియో అమ్మాయి నా కూతురి వయసుది. టవల్ చుట్టి మోకాలి కింద పెట్టి, కిందికి అదిమి పది లెక్కపెట్టమంది. పూటకు పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఇంత చిన్న పనికి ఏం తగ్గుతుందని వారం రోజులు మొక్కుబడిగా చేశాను. నాలుగో వారానికి మెట్ల మీద కాలు వణకడం ఆగింది. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని చెప్పింది. లెక్క కాబట్టి నా బుర్రకెక్కింది. అయిదు కిలోలు తగ్గాను. రాత్రి దిండు అక్కర్లేదు. కింద కూర్చుని లేవడం మాత్రం ఇంకా కుదరడం లేదు. సోమవారం రద్దీ అయ్యాక ఇప్పటికీ కొంచెం వాపు వస్తుంది. అది ఎందుకో వచ్చే నెల చూపించుకున్నప్పుడు అడగాలి.

ఆ అమ్మాయి ఇంకో మాట నేర్పింది. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. మొన్న వేములవాడ బస్టాండులో ఒక ముసలామె తలుపు దగ్గర రాడ్డు పట్టుకుని ఆగిపోయింది. వెనకాల జనం అరుస్తున్నారు. ఇదివరకైతే నేనూ ‘జల్ది దిగు పెద్దమ్మా’ అనేదాన్నే.

‘నొప్పికాలు ముందు పెట్టు పెద్దమ్మా, అల్కగ దిగుతవు’ అన్నాను.

‘రెండూ నొప్పులే బిడ్డా, ఏది ముందు పెట్టాలె?’ అంది.

ముందు నేను దిగి చెయ్యి అందించాను.