చేయి తిరిగిన మనుషులు కావాలి

దొంగరవాణాలో పట్టుబడిన యురేనియం పుట్టుపూర్వోత్తరాలు దానిలోనే ఉంటాయి. జర్మనీలోని కార్ల్స్‌రూహేలో నేను చేసే ఉద్యోగం వాటిని బయటకు లాగడమే. న్యూక్లియర్ ఫోరెన్సిక్స్ అంటారు.

యురేనియం-234 క్షీణించి థోరియం-230గా మారుతుంది. శుద్ధి చేసేటప్పుడు థోరియాన్ని తీసేస్తారు కాబట్టి, ఆ తర్వాత పోగైనదాన్ని కొలిస్తే శుద్ధి జరిగిన కాలం తెలుస్తుంది. గ్రాము సహజ యురేనియంలో 20 ఏళ్లకు పోగయ్యేది సుమారు 3 నానోగ్రాములే, అంటే గ్రాములో వంద కోట్ల వంతుల్లో మూడు. శుద్ధిలో కాస్త థోరియం మిగిలిపోయినా వయసు ఎక్కువగా కనిపించి లెక్క తప్పుతుంది. ఆ తేడాను అనుమానించడం యంత్రానికి రాదు, ఏళ్ల తరబడి ఆ పనిలో మునిగిన మనిషికే వస్తుంది.

1994 ఆగస్టులో మాస్కో నుంచి మ్యూనిక్ చేరిన విమానంలో 363 గ్రాముల ప్లుటోనియం దొరికింది. ఇది ఏ ఒక్క దేశంతోనో తేలే వ్యవహారం కాదని అలాంటి కేసులే నేర్పాయి. మరుసటి ఏడాది వివిధ దేశాల నిపుణులతో ఐటీడబ్ల్యూజీ (ఇంటర్నేషనల్ టెక్నికల్ వర్కింగ్ గ్రూప్) అనే బృందం ఏర్పడింది. అది నిర్వహించే ఉమ్మడి పరీక్షల్లో అందరికీ ఒకే రకం నమూనాలు పంపుతారు. తొలి నివేదిక 24 గంటల్లో, తర్వాతివి వారంలో, రెండు నెలల్లో ఇవ్వాలి. ఎవరి కొలత ఎక్కడ తేడా కొట్టిందో అక్కడ తేటతెల్లమవుతుంది. శిక్షణ తరగతుల కన్నా ఈ పరీక్షలకే నేను ఎక్కువ విలువిస్తాను.

మా దగ్గర శిక్షణ పొందిన ఒక ఆఫ్రికా దేశపు శాస్త్రవేత్త చెప్పిన సంగతి నన్ను చాలా బాధపెట్టింది. పరమాణువులను బరువును బట్టి వేరుచేసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రం వాళ్ల ల్యాబుకు విరాళంగా వచ్చింది, దాని మీద కప్పిన గుడ్డను నెలల తరబడి తీయనే లేదట. అది నడవడానికి కావాల్సిన ఆర్గాన్ గ్యాసు సిలిండర్లకు బడ్జెట్ లేదు. ఆమె కన్నా ముందు శిక్షణ పొందిన ఉద్యోగి ఎక్కువ జీతానికి గనుల కంపెనీకి వెళ్లిపోయాడు. యంత్రం ఇచ్చిన దేశాలు అయిదేళ్ల గ్యాసుకు, విడిభాగాలకు, ఇద్దరి జీతాలకు కూడా డబ్బు కేటాయించి ఉండాల్సింది. అది లేని సాయం ఫొటోలకే పనికొస్తుంది.

ప్రతి దేశమూ తన ఖనిజాల వివరాలతో సొంత భాండాగారం కూడా కట్టుకోవాలి. నేను కడప జిల్లావాణ్ణి. మా తుమ్మలపల్లెలో యురేనియం ఖనిజాన్ని క్షారంతో కరిగిస్తారు, జార్ఖండ్‌లోని జాదుగూడలో ఆమ్లంతో. శిల వేరు, పద్ధతి వేరు కాబట్టి పదార్థంలో మిగిలే మలినాలూ వేరుగా ఉంటాయి. ఆ వివరాలు సిద్ధంగా ఉంటే, మరో దేశంలో ఏదైనా పట్టుబడినప్పుడు ‘ఇది మీదేనా’ అన్న ప్రశ్నకు రహస్యాలు బయటపెట్టకుండానే జవాబు చెప్పవచ్చు.

వచ్చే విడత శిక్షణకు ఆమె దేశం నుంచి ఇద్దరిని పంపమని అడిగాం. ఒకరు ఉద్యోగం మారినా రెండోవారు ఉంటారు. ఆర్గాన్ ఖర్చు సంగతి కూడా ఆ ఉత్తరంలోనే రాశాం.