మెట్లు లెక్కపెట్టించిన ఇంటర్వ్యూ

ఆర్కిటెక్చర్ ఆఫీసులో ఉద్యోగం దొరికి నాలుగు నెలలైంది. ఈమధ్య జూనియర్లు వరసగా అడుగుతున్నారు, అక్కా పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టావు, ఏ సాఫ్ట్‌వేర్ వస్తే తీసుకుంటారు అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కుదరట్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఉద్యోగం వెతికిన మొదటి రెండు నెలల్లో 41 ఆఫీసులకు మెయిల్ పెట్టాను. జవాబు మూడింటి నుంచే వచ్చింది. నా పోర్ట్‌ఫోలియో, అంటే కాలేజీలో చేసిన డ్రాయింగులన్నీ కలిపిన ఫైలు, 48 ఎంబీ. జీమెయిల్‌లో 25 దాటితే అటాచ్ అవదు కదా, లింక్‌గా వెళ్లేది. ఇప్పుడు ఆఫీసులో కూర్చుంటే తెలుస్తోంది, ఒకపక్క సైట్ నుంచి ఫోన్లు మోగుతుంటే లింక్ తెరిచి డౌన్‌లోడ్ అయ్యేదాకా ఆగే తీరిక ఎవరికీ ఉండదని. తర్వాత దాన్ని 9 ఎంబీకి తగ్గించాను. కానీ అసలు లోటు సైజులో లేదు, అది మొదటి ఇంటర్వ్యూలో బయటపడింది.

అక్కడ నా థీసిస్, అంటే చివరి ఏడాది కాలేజీ ప్రాజెక్టు, తెరిచి చూపించాను. లైబ్రరీ. సాయంత్రం వెలుతురు, గాజు గోడ, లోపల చదువుకుంటున్న మనుషులు, ఆ రెండర్ల (కంప్యూటర్లో చేసిన, ఫోటోల్లా కనిపించే బొమ్మల) కోసం మూడు వారాలు సరిగ్గా నిద్రపోలేదు. ఇంటర్వ్యూ చేస్తున్నాయన వాటిని చకచకా తిప్పేసి ప్లాన్ దగ్గర ఆగారు. పెన్సిల్ మొన మెట్ల మీద పెట్టి, "ఫ్లోర్ ఎత్తు ఎంతమ్మా?" అన్నారు. 3.6 మీటర్లు సార్ అన్నాను. "మెట్లు లెక్కపెట్టు" అన్నారు. కింద ఎనిమిది, ల్యాండింగ్, పైన ఇంకో ఎనిమిది, మొత్తం 16 రైజర్లు (రైజర్ అంటే ఒక మెట్టు నుంచి పై మెట్టుకి ఉండే ఎత్తు). 3600ని 16తో భాగిస్తే ఒక్కోటి 225 మిల్లీమీటర్లు. రోజంతా జనం ఎక్కి దిగే చోట అంత ఎత్తు మెట్లు! "చేతిలో పుస్తకాలతో పెద్దవాళ్లు ఎక్కగలరా?" అని నెమ్మదిగానే అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ ఉద్యోగం రాలేదు.

ఆ రాత్రే కూర్చుని మళ్లీ గీశాను. రైజర్ 150 అనుకుంటే 24 కావాలి, ఒక్కో ఫ్లైట్‌కి, అంటే ల్యాండింగ్‌కి అటూ ఇటూ ఉండే ఒక్కో మెట్ల వరసకి, 12. 12 రైజర్లుంటే ట్రెడ్లు (కాలు పెట్టే భాగాలు) 11 మాత్రమే, ఎందుకంటే ఆఖరి అడుగు ల్యాండింగ్ మీదే పడుతుంది. ఒక్కో ట్రెడ్ 300 మిల్లీమీటర్ల చొప్పున 3300 పొడవు. పాత డ్రాయింగ్‌లో ఫ్లైట్ పొడవు 2100 ఉంది. అంటే మెట్ల గది 1200 పెరగాలి, అది పెరిగితే వెనకున్న రీడింగ్ రూమ్ జరగాలి, రూమ్ జరిగితే కాలమ్ గ్రిడ్ (స్తంభాల వరసలు) కలవదు, కాలమ్ జరిపితే కింద పార్కింగ్‌లో కారు తిరగదు. తెల్లారేసరికి మొత్తం బిల్డింగ్ కదిలింది. కాలేజీలో మన డిజైన్ మీద ప్రశ్నలడిగే జ్యూరీలు అన్నిటికీ నిలబడ్డాను, ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ వారమే పోర్ట్‌ఫోలియో అంతా మార్చేశాను. 30 పేజీలు పన్నెండయ్యాయి. మొదటి పేజీలో రెండర్ తీసేసి 1:20 స్కేల్‌లో మెట్ల సెక్షన్ (నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగ్) పెట్టాను, పక్కనే పాత ప్లాన్, కొత్త ప్లాన్, ఏది ఎందుకు జరిగిందో రెండు ముక్కల్లో. గ్రూప్ ప్రాజెక్టుల దగ్గర నేను గీసినవి ఏవో విడిగా రాశాను (ఇది దాచకండి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు). సాఫ్ట్‌వేర్ సంగతి అంటారా, ఆటోక్యాడో రివిటో ఆ ఆఫీసులో ఏది వాడితే అది వచ్చి ఉండాలి, అంతకుమించి దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

మధ్యలో ఒకచోట ఆరు నెలలు జీతం లేకుండా చెయ్యమన్నారు, "నేర్చుకుంటావు కదా" అని. ఇలాంటప్పుడు పేరున్న ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి గారి పేరు తెస్తుంటారు, 1951లో పారిస్‌లో ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ లె కార్బూజియే ఆఫీసులో చేరి మొదటి ఎనిమిది నెలలు జీతం లేకుండానే పనిచేశారని. నిజమే, ఆయనకు 2018లో ఆర్కిటెక్చర్‌లో పెద్ద గౌరవమైన ప్రిట్జ్కర్ బహుమతి కూడా వచ్చింది. కానీ ఆయన ఓర్చుకున్న కష్టాన్ని మన పని ఉచితంగా తీసుకోవడానికి వాడుకోవడం నాకు అన్యాయం అనిపిస్తుంది. మనం గీసిన డ్రాయింగ్‌కి క్లయింట్ దగ్గర ఫీజు తీసుకుంటున్నారు కదా. కుదరదని చెప్పి వచ్చేశాను. చేరే ముందు జీతం, పని గంటలు మెయిల్‌లో రాయించుకోండి, మొహమాటపడకండి.

మూడో ఇంటర్వ్యూ ఒక మేడమ్ చేశారు. మొదటి పేజీ దగ్గరే ఆగిపోయి, "పాత ప్లాన్ ఎందుకు ఉంచావు?" అని అడిగారు. జరిగింది చెప్పాను. ఒక ట్రేసింగ్ పేపర్ ముక్క ఇచ్చి, ల్యాండింగ్ దగ్గర రెయిలింగ్ ఎలా తిరుగుతుందో గియ్యమన్నారు. గీస్తే కింది నుంచి వచ్చే హ్యాండ్‌రెయిల్ ఒక ఎత్తులో ఆగింది, పైకి వెళ్లేది ఇంకో ఎత్తులో మొదలైంది. "ఇక్కడ కలవట్లేదు మేడమ్, ఎలా కలపాలో నాకు తెలియదు" అన్నాను. ఆవిడ పెన్సిల్ తీసుకుని పై ఫ్లైట్‌ని ఒక్క ట్రెడ్ వెనక్కి జరిపారు. రెండు గీతలూ ఒకే బిందువు దగ్గర కలిశాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సోమవారం రమ్మన్నారు.

చేరాక మొదటి మూడు వారాలూ తలుపుల, కిటికీల షెడ్యూలే (వాటి వివరాల పట్టిక). ప్రతి తలుపు ఎటు తెరుచుకుంటుందో, తెరుచుకుంటే వెనక స్విచ్‌బోర్డ్ దాక్కుంటుందో లేదో చూస్తూ కూర్చున్నాను. విసుగు రాలేదు. పోయిన వారం మొదటిసారి సైట్‌కి తీసుకెళ్లారు. నేను గీసిన మెట్లకి సెంట్రింగ్ కొడుతున్నారు. మేస్త్రీ గోడ మీద ఒక్కో మెట్టూ గీతలు గీసి పెట్టుకున్నాడు, నా షీట్ పక్కన ఇటుక కింద ఉంది. కింది నుంచి పైదాకా రెండుసార్లు లెక్కపెట్టాను.