ఒక్క అక్షరం ఎక్కువై పోయిన పరువు

రాజోలు పక్కన మా ఊళ్లో కూర్చునే ఉద్యోగం చేస్తున్నాను, కొబ్బరి చెట్ల మధ్య సిగ్నల్ వెతుక్కుంటూ. పోయిన నెల ఆన్‌లైన్ మీటింగ్‌లో మా మేనేజరు గారు నిజంగానే బాగా మాట్లాడారు. ఆ ఊపులో, టీమ్ అందరికీ కాపీ పెట్టి మరీ, ఇంగ్లీషులో ఒక మెయిల్ కొట్టాను: మీ మాటలు మమ్మల్నందరినీ 'అరౌజ్' చేశాయి అని. రెండు నిమిషాల్లో ఒకడు ఫోన్ చేసి నవ్వు మొదలెట్టాడు. ఎంతకీ ఆపడే!

నిఘంటువు చూసే రాశానండీ. రేకెత్తించు, ప్రేరేపించు, మేల్కొలుపు అని వరసగా ఉంది. అబద్ధమేం కాదు, కానీ ఆ మాట పక్కన ఏం రావచ్చో, ఏం రాకూడదో చెప్పలేదు. అరౌజ్ పక్కన అనుమానం, కుతూహలం, కోపం, జాలి వస్తే ఏ గొడవా లేదు. మనిషి వచ్చాడో, 'నిద్రలోంచి' లాంటి తోకేదైనా తగిలిస్తే తప్ప, ఈ రోజుల్లో చదివేవాడికి ముందు తట్టేది పడకగదే. నేను రాయాల్సింది ముందు 'అ' లేని 'రౌజ్'. అది మనుషుల్ని లేపే మాట, జనాన్ని ఊపేసే ఉపన్యాసాన్ని 'రౌజింగ్ స్పీచ్' అంటారు.

ఈ తేడా నాకు ఎక్కింది మాత్రం నిఘంటువు వల్ల కాదు, మా మామ్మ వల్ల. ఆ రాత్రి పడుకోబోతూ "ఒరేయ్ నాన్నా, రేపు నాలుగింటికే లేపరా, అంతర్వేది వెళ్లాలి" అంది. రేపు, లేపు! ఈ 'రేపు' మర్నాడనే రేపే అనుకోండి, కానీ నా బుర్ర రేపడం అనే ఇంకో 'రేపు' మీదకి పోయింది. ఆగు–ఆపు, వేగు–వేపు ఉన్నట్టే రేగు–రేపు. దుమ్ము తనంతట తాను రేగుతుంది, మనం రేపుతాం. ఆశ రేపుతాం, ఆకలి రేపుతాం, అన్నదమ్ముల మధ్య చిచ్చు రేపుతాం (అందులో మా వీధి వాళ్లకి మంచి పేరుంది). మనిషిని మాత్రం లేపుతాం, లేదా రెచ్చగొడతాం, ఎగదోస్తాం. "ఆ ప్రసంగం నన్ను రేపింది" అని ఎవరైనా తెలుగులో రాస్తే మనకీ ఎబ్బెట్టుగానే ఉంటుంది. అంటే అరౌజ్ మన రేపడం, రౌజ్ మన లేపడం. వాళ్లకీ ఒక్క అక్షరమే తేడా, మనకీ ఒక్క అక్షరమే.

ఇందులో రౌజే పెద్దది. రైజ్‌కి అరైజ్ ఉందిగా అన్నట్టు దానికి ముందు 'అ' తగిలించి అరౌజ్ చేసుకున్నారు, అదీ 1590ల్లో, షేక్‌స్పియర్ కాలంలో. అంతకుముందు రౌజ్ వేటగాళ్ల మాట. పొదలో నక్కిన జంతువుని బయటికి లేపడం ఒక అర్థం, పెంపుడు డేగ ఈకలు నిక్కబొడుచుకుని విదిలించుకోవడం ఇంకో అర్థం. ఇది చదవగానే నాకు సంక్రాంతి బరి కనిపించింది, ఎందుకంటే మా వైపు డేగ అంటే పందెం పుంజు కూడా, ఎర్ర ఈకలది. రెండు పుంజుల్నీ ఎదురెదురుగా పట్టుకుని కాసేపు రెచ్చగొట్టాక మెడ ఈకలు గొడుగులా విప్పుతాయి చూడండి, అదీ రౌజ్ అంటే!

'అరౌజల్' అని నామవాచకం చేస్తే, మామూలు మాటల్లో పడకగది వాసన పోదు గానీ, సైకాలజీలో మాత్రం మర్యాదగల మాటే. అక్కడ అది ఒళ్లూ మనసూ ఎంత మెలకువగా, ఎంత చురుగ్గా ఉన్నాయన్న లెక్క. 1908లో యెర్కీస్, డాడ్సన్ అనే ఇద్దరు చిట్టెలుకలకి షాకులిచ్చి చూశారు. కష్టమైన పని నేర్పాలంటే షాకు మరీ తక్కువా కాకుండా మరీ ఎక్కువా కాకుండా మధ్యరకంగా ఉన్నప్పుడే అవి త్వరగా నేర్చుకున్నాయి. పరీక్ష ముందు కాస్త టెన్షన్ మంచిదేనని ఇప్పుడు చెప్పేవాళ్లు ఎక్కువగా చూపించేది దాన్నే. ఇక వీటికి దగ్గర అర్థంతోనే ఉండే ఇంకో ఇంగ్లీషు మాట 'ఎవోక్', అది జ్ఞాపకాల మాట. లాటిన్‌లో లోపలున్నదాన్ని బయటికి పిలవడం. తొలకరికి చేలోంచి వచ్చే వాసన చేసే పని అదే, దాంతో ఎవరి పరువూ పోదు.

మెయిల్ సంగతంటారా, మేనేజరు గారు ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. మొన్న మళ్లీ మాట్లాడారు, మొదటిసారికన్నా బాగా. ఈసారి "చాలా బాగుంది సార్" అని రాసి, కాపీలు ఎవరికీ వెళ్లడం లేదని రెండుసార్లు చూసుకుని పంపాను.